తీసినవాడు, తీయించినవాడు, పడ్డవాడు

సోలాపూర్ నీలం నగర్‌లో లెక్క తప్పేది ఏదీ ఉండదు. ఏ మగ్గం మీద ఎన్ని చాదర్లు దిగాయి, కరెంటు ఎంతసేపు పోయింది, ఎవరి పగార్ ఎంత, అడ్వాన్స్ ఎంత మిగిలింది, అన్నీ వారం తిరిగేసరికి తేలిపోతాయి. ఒక్క ఫోటోలకే లెక్కాపత్రం లేదు. ఎవరు తీశారు, ఎవరి ఫోన్లోంచి ఎవరి ఫోన్లోకి పోయింది, చివరికి ఏ చౌకులో ఫ్లెక్సీ మీద తేలింది అని అడిగేవాడు లేడు. పెళ్లిళ్లు, తొట్టెల్లు, శ్రావణ పున్నమి మార్కండేయ రథం, దసరాకు కార్ఖానా పూజలు తీసి తీసి తల నెరిసినవాణ్ని. అందుకే ఫోటో పంచాయితీలన్నీ నా గడప తొక్కుతాయి. వచ్చినవాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. నేను వకీలును కాను. కోర్టు మెట్లెక్కే పని పడితే వకీలు దగ్గరికే పొండి.

1. ఫోటో అనగానే ముగ్గుర్ని లెక్కపెట్టు.

తీసినవాడు, తీయించినవాడు, అందులో పడ్డవాడు. ముగ్గురూ ఒకడే అయితే గొడవ లేదు. సాధారణంగా ముగ్గురూ వేరు.

మన దగ్గర లొల్లి ఎక్కువగా పెళ్లి ఆల్బం మీదనే. పెళ్లికూతురి ఫోటోలు ఫోటోగ్రాఫర్ తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుంటాడు, గిరాకీ కోసం. పిల్ల తండ్రి కోపంగా వస్తాడు: "పైసలిచ్చినోళ్లం మేము. నువ్వెట్ల పెడ్తవు?" పిల్లగాడు తగ్గడు: "తీసింది నేను గద కాకా, కాపీరైట్ నాదే." ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటోకు కర్త దాన్ని తీసినవాడే. కానీ అదే చట్టం 17వ సెక్షన్లో ఒక మెలిక ఉంది: ఎవరైనా డబ్బిచ్చి తమ కోసం ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, కాపీరైట్‌కు మొదటి యజమాని తీయించుకున్నవాడే. అంటే తండ్రిదే పైచేయి. అదే పెళ్లిలో మేనబావ తన కెమెరాతో ఊరికే తీసిన ఫోటోలున్నాయనుకోండి, వాటి మీద హక్కు మేనబావదే. పొద్దున్నుంచి అప్పగింతల దాకా నిలబడి తీసినవాడికి హక్కు పోయింది, మధ్యలో లేచి భోజనానికి పోయినవాడికి మిగిలింది! చట్టం అట్లానే ఉంది. జీతానికి పనిచేసే అసిస్టెంట్ తీస్తే అతనికి, స్టూడియోకు మధ్య హక్కు స్టూడియోదే.

పెళ్లికూతురు తీయనూ లేదు, పైసలు ఇవ్వనూ లేదు. కాపీరైట్ లెక్కలో ఆమె ఎక్కడా రాదు. కానీ ముఖం ఆమెది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జీలు ఒక్క గొంతుతో గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. తండ్రిని, ఫోటోగ్రాఫర్‌ను కూర్చోబెట్టి ఇంతసేపు వాదించాక, లోపలి గదిలో ఉన్న పిల్లను పిలిచి "నీకు ఇష్టమేనా అమ్మా?" అని అడగటం మన పంచాయితీలకు ఇంకా అలవాటు కాలేదు.

2. బుకింగ్ చిట్టీ మీద మూడు లైన్లు చాలు.

ఈ ఫోటోగ్రాఫర్ పిల్లల చిట్టీల మీద డ్రోన్ ఎంత, ఆల్బం ఎంత, అడ్వాన్స్ ఎంత అన్నీ ఉంటాయి. ఫోటోలు నమూనాగా చూపించుకోవచ్చా, ఏవి చూపించుకోవచ్చు, ఎంతకాలం అన్నది మాత్రం ఉండదు. ఆ మూడూ తెలుగులోనో మరాఠీలోనో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. నోటిమాట పనికిరాదు, హక్కు బదిలీకి రాత, సంతకం ఉండాలని చట్టమే చెబుతోంది. గడువు రాయకపోతే అయిదేళ్లని, ఎక్కడివరకో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. స్నానం చేయించే ఫోటోలు, పసుపు దంచేటప్పుడు ఆడవాళ్లు తమలో తాము నవ్వుకునే ఫోటోలు నమూనాలోకి రావు అని ఇంకో లైను రాస్తే మరీ మంచిది. నా కాలంలో ఆ రోల్స్ వేరే కవర్లో పెట్టి ఇంట్లో పెద్దావిడ చేతికి ఇచ్చేవాణ్ని.

3. పరిచయ మేళావా పుస్తకం ఇంటికి తెచ్చుకోవడానికే, ఊరికి పంచడానికి కాదు.

ఇది కాస్త నిదానంగా చెప్పాలి. సోలాపూర్‌లో తెలుగువాళ్లకు సంబంధాలు కుదిర్చేది వధూవర పరిచయ మేళావాలు. ఒకప్పుడు పుస్తకం అచ్చువేసి, వచ్చినవాళ్లకే ఇచ్చేవారు. ఫోటో, పుట్టిన తేదీ, గోత్రం, చదువు, ఉద్యోగం, తండ్రి ఏ కార్ఖానాలో, మేనమామ ఇంటిపేరు, ఫోన్ నంబరు అన్నీ అందులో ఉండేవి. పుస్తకం అల్మారాలో ఉండేది, రెండేళ్లకు రద్దీవాడికి పోయేది. దానితో ఆ వివరాలకు నూకలు చెల్లేవి.

ఇప్పుడు అదే పుస్తకం పీడీఎఫ్. పుణే, భివండీ, సూరత్, సిరిసిల్ల, ఎక్కడెక్కడ మనవాళ్లు ఉంటే అక్కడికి ఒక్క రాత్రిలో పోతుంది. పోతే మంచిదే, సంబంధాలు దొరుకుతాయి. కానీ పిల్లకు పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా ఆ పీడీఎఫ్ చావదు. పెళ్లయిన అమ్మాయికి పరాయి నంబర్ల నుంచి "బయోడేటా చూశాం" అని మెసేజ్‌లు వస్తుంటే అత్తగారింట్లో ఆమె ఎవరికని సంజాయిషీ చెప్పుకుంటుంది? ఆ ఫోటోను కత్తిరించి వేరే పేరుతో మ్యాట్రిమోనీ ప్రొఫైల్ పెట్టి అవతలివాళ్ల దగ్గర డబ్బు గుంజే రకాలు కూడా ఉన్నాయి.

మేళావా జరిపేవాళ్లు సమాజసేవ అనుకునే చేస్తారు, అందులో అనుమానం లేదు. సేవకూ పద్ధతి ఉంటుంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, బాధ్యతలు విడతలుగా అమల్లోకి వస్తున్నాయి. దాని సారం మనకు అర్థంకానిదేం కాదు: ఎందుకోసం తీసుకున్నావో చెప్పి తీసుకో, దానికే వాడు, పని అయిపోతే తుడిచెయ్యి, తీసెయ్యమంటే తీసెయ్యి. ఇంట్లోవాళ్లు తమ సొంత పనికి వాడుకుంటే ఆ చట్టం పట్టించుకోదు, కానీ వందల కుటుంబాల వివరాలు పోగుచేసే సంఘం మాట వేరు. అందుకే అడిగినవాళ్లకు చెబుతుంటాను: ఫోటో ఒక చోట, ఫోన్ నంబరు ఒక చోట పెట్టండి. పుస్తకంలో క్రమసంఖ్య ఉంటే చాలు. నచ్చినవాళ్లు సంఘానికి ఫోన్ చేస్తారు, సంఘం పిల్ల ఇంటికి ఫోన్ చేసి అడిగి, సరే అంటే నంబరిస్తుంది. పని పెరుగుతుంది, నిజమే. "ఇంత కిరికిరి ఎందుకు కాకా" అన్నారు ఒకచోట. ఆడపిల్ల నంబరు చేతులు మారకుండా చూడటం కిరికిరి అయితే, ఆ కిరికిరి పడాల్సిందే.

4. తీసినవాడు ఒప్పుకుంటే పడ్డవాడు ఒప్పుకున్నట్టు కాదు.

2018 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వ రైతు బీమా ప్రకటన పత్రికల్లో వచ్చింది. అందులో ఒకామె ఉంది. పక్కన ఆమె భర్త ఉండాల్సిన చోట ఇంకెవరో ఉన్నాడు! పాత ఫోటో ఒకటి ఎక్కడినుంచో ప్రకటన తయారుచేసేవాళ్ల చేతికొచ్చింది, కంప్యూటర్లో భర్తను తీసేసి మరొకరిని అతికించారు. ఆ దంపతులు గోడు వెళ్లబోసుకున్నాక పెద్ద దుమారం లేచింది, ప్రకటన సంస్థకు నోటీసులు పోయాయి. ఆ ఫోటోకు ఎవరో లైసెన్సు కొన్నారా లేదా అన్నది తరువాతి మాట. ఆమెను అడగలేదు, అదే అసలు మాట.

దీనికి జోడీ కథ 2007లో అమెరికాలో జరిగింది. డల్లస్‌లో హైస్కూలు చదివే ఒక పిల్ల ఫోటోను చర్చివాళ్లు కార్లు కడిగే కార్యక్రమంలో ఆమెకు తెలిసినాయన తీసి ఫ్లికర్‌లో పెట్టాడు. 'నా పేరు వేసి ఎవరైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చు' అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు దానికి తగిలించాడు. వర్జిన్ మొబైల్ ఆస్ట్రేలియా కంపెనీ దాన్ని ఎత్తి, వెక్కిరింపు మాట ఒకటి పక్కన రాసి, బస్‌స్టాప్‌లో బొమ్మ కట్టింది. ఖండాల అవతల తన ముఖం వేలాడుతోందని పిల్లకు తెలిసి కేసు వేశారు. టెక్సస్ కోర్టు ఆస్ట్రేలియా కంపెనీ మీద తనకు అధికారం లేదని కొట్టేసింది. లైసెన్సు ఇచ్చినాయన తనకున్న కాపీరైట్‌ను ఇవ్వగలడు, ఆ పిల్ల ముఖాన్ని ఎట్లా ఇస్తాడు?

మన గల్లీల్లోకి పెద్ద కెమెరాలు వేసుకుని చాలామంది వస్తారు. మగ్గం మీద వంగిన నడుములు, బీడీలు చుట్టే చేతులు, వాకిట్లో ఆరేసిన టవళ్లు వాళ్లకు ముద్దొస్తాయి. రానివ్వండి. చాయ్ ఇవ్వండి. ఎక్కడ వేస్తారు, కింద ఏం రాస్తారు, అమ్ముకుంటారా అని మూడు ముక్కలు అడగండి. బీడీలు చుట్టే మా వదిన ఒకాయన్ను అడిగింది: "పేదరాలు అని రాస్తరా, పనిమంతురాలు అని రాస్తరా?" ఆయన దగ్గర జవాబు లేదు, కానీ కెమెరా దించాడు.

5. కొత్త డిజైన్ ఫోటో ముందు కోల్‌కతాకు, తరువాతే వాట్సాప్‌కు.

చాదర్ డిజైన్ ఎట్లా పుడుతుందో చూసినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది. ఇప్పుడు కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చాయి గానీ, వెనుక ఒక డిజైన్ మాస్టారు గ్రాఫ్ కాగితం ముందేసుకుని, ఒక్కో గడినీ ఎర్ర పెన్సిలుతో నింపుతూ కూర్చునేవాడు. గడి నిండితే ఒక దారం లేస్తుంది, ఖాళీ ఉంటే లేవదు. నెమలి మెడ దగ్గర వంపు సరిగ్గా రావాలంటే ఒక్క గడి అటు, ఒక్క గడి ఇటు. తరువాత ఆ లెక్కన అట్టలకు చిల్లులు కొట్టడం, అట్టలను దారంతో దండలా కుట్టడం, జకార్డు మీద ఎక్కించడం. మొదటి చాదర్ దిగి, వెలుతురులో పరిచి చూసినప్పుడు మెడ వంకరగా వస్తే మళ్లీ మొదటికి.

అంత కష్టపడ్డ డిజైన్‌ను ఈనాటి పిల్లలు మగ్గం మీద ఉండగానే ఫోటో తీసి స్టేటస్ పెడతారు. అక్కడే దెబ్బ. డిజైన్ల చట్టం 2000 ప్రకారం రిజిస్టర్ చేయించాలంటే ఆ డిజైన్ కొత్తది కావాలి, అప్పటికే దేశంలో గానీ బయట గానీ లోకానికి తెలిసిపోయి ఉండకూడదు. నువ్వే లోకానికి చూపించేస్తే నీ డిజైనే నీకు అడ్డం పడుతుంది. రిజిస్ట్రేషన్ అయినా తరువాత ఎవడో ఆ పాత స్టేటస్ స్క్రీన్‌షాట్ పట్టుకొచ్చి రద్దు చేయమని అడగవచ్చు. డిజైన్ల పని చూసే ఆఫీసు కోల్‌కతాలో ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. ఒక్క మనిషి పేరున ఫీజు వెయ్యి రూపాయలు. రక్షణ పదేళ్లు, ఇంకో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు.

"కాపీరైట్ దానంతటదే వస్తది గద, ఇది ఎందుకు?" అని అడుగుతారు. గ్రాఫ్ మీద గీసిన బొమ్మకు వస్తుంది, నిజమే. కానీ కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ చూడండి: డిజైన్‌గా రిజిస్టర్ చేయించుకోదగినదాన్ని చేయించుకోకుండా, మిషను మీద 50 కంటే ఎక్కువ నకళ్లు తీస్తే ఆ డిజైన్‌లో కాపీరైట్ పోతుంది. ఢిల్లీ హైకోర్టు 2009లో మైక్రోఫైబర్స్ కేసులో సోఫా గుడ్డల డిజైన్ల మీద ఇదే తేల్చింది. మన పవర్‌లూమ్ మీద 50 చాదర్లు దిగటం ఎంతసేపటి పని?

ఇంకో రకం దొంగతనం ఉంది. మన చాదర్ ఫోటో పెట్టి, ఎక్కడిదో మాల్ పంపిస్తారు. సోలాపురీ చాదర్ పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ దారిలో పోవచ్చు గానీ ఆ దారి పొడుగు. ఫోటో నువ్వు తీసిందో, పైసలిచ్చి తీయించిందో అయితే దగ్గరి దారి ఉంది. అమ్మే వెబ్‌సైటుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, రూల్స్ ప్రకారం వాళ్లు 36 గంటల్లో దాన్ని తీసి 21 రోజులు ఆపాలి. ఆలోపు నువ్వు కోర్టు ఆర్డరు తెచ్చుకోవాలి. చాలాసార్లు అక్కడిదాకా పోదు, దొంగ సరుకువాడు ఫోటో మార్చేసుకుంటాడు. దీనికి కావలసిందల్లా అసలు ఫైలు. వాట్సాప్‌లో తిరిగి నలిగింది కాదు, కెమెరాలోంచి దిగింది.

6. గూగుల్ మన గోదాం కాదు.

ఫ్లెక్సీ దుకాణంవాడిని "ఈ బొమ్మ ఎక్కడిది?" అంటే "గూగుల్‌ది" అంటాడు. గూగుల్ చూపించింది అంతే, ఇవ్వలేదు. దేవుడు అందరివాడు, దేవుడి బొమ్మ గీసినవాడిది. గీసినవాడు పోయాక 60 ఏళ్ల దాకా అతని వారసులది. రవివర్మ 1906లో పోయాడు కనుక ఆయన సరస్వతిని ఎవరైనా వాడుకోవచ్చు. బాపు 2014లో పోయారు, పెళ్లి కార్డుల మీద మనం ఊరికే వేసుకునే ఆయన సీతారాములు 2074 ఆఖరు దాకా హక్కులున్న బొమ్మలే. ఫోటోలకు కూడా 2012 సవరణ తరువాత ఇదే లెక్క, తీసినవాడి జీవితం, ఆ పైన 60 ఏళ్లు.

ఊరికే వాడుకోదగినవి కావాలంటే వికీమీడియా కామన్స్‌లో బోలెడున్నాయి. ఊరికే అంటే షరతు లేకుండా అని కాదు. కొన్నిటికి తీసినవాడి పేరు వేయాలి, కొన్నిటితో నువ్వు చేసింది కూడా అదే షరతు మీద పంచాలి. నీ ఫోటో అక్కడ పెట్టాలనుకుంటే ఒక రాత్రి ఆగి ఆలోచించు. ఆ లైసెన్సు ఇచ్చాక వెనక్కి తీసుకోలేవు. నేను రథోత్సవం ఫోటోలు ఇవ్వమని మా మనవడికి చెప్పాను, ఇంటివి మాత్రం వద్దన్నాను.

7. గుడి, విగ్రహం, చౌకు: భయపడకుండా తీయండి. నలుగురూ తిరిగే చోట శాశ్వతంగా నిలిపిన శిల్పాన్ని ఫోటో తీస్తే కాపీరైట్ తప్పు కాదని చట్టమే మినహాయించింది. గుడి లోపల పూజారి వద్దంటే వద్దు, అది వేరే నియమం.

8. ఫోటో వెనుక చిరునామా ఉంటుంది.

ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ప్రతి ఫోటోలో అక్షాంశ రేఖాంశాలు కూర్చుంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అవి రాలిపోతాయి. 'డాక్యుమెంట్' అని పంపితే రాలవు, కస్టమర్లకు టవళ్ల నమూనాలు స్పష్టంగా కనపడాలని మన పిల్లలు అట్లానే పంపుతారు. అట్లా వచ్చిన ఒక ఫోటో వివరాలు నొక్కి ఆ పిల్లవాడికే చూపించాను. మ్యాపు తెరుచుకుంది: అక్కల్‌కోట్ రోడ్డు, మా గల్లీ మలుపు, సరిగ్గా వాళ్ల ఇంటి కప్పు మీద ఎర్ర గుర్తు. "అబ్బో" అన్నాడు. టవల్ ఫోటోకు పరవాలేదు, రోజూ బడికి పోయే పిల్ల ఫోటోకు పరవా ఉంది.

ఆధార్ కార్డు, బీడీ కార్డు ఫోటోలు గ్రూపుల్లో వేయటం ఇంకా పెద్ద జబ్బు. పథకం వస్తుందని ఎవరో అంటారు, వందమంది తమ కార్డులు గ్రూపులో పడేస్తారు. ఇవ్వక తప్పనప్పుడు చివరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ దించుకుని, ఒక్క మనిషికే పంపండి.

9. ముప్పు వచ్చినప్పుడు మొదట పిల్లను తిట్టకు.

2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని ఇంకొకరి వీడియోకు అతికించినది దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆంధ్రప్రదేశ్‌లో ఒక కుర్రవాణ్ని పట్టుకున్నారు. ఆమె సినిమా నటి, దేశం లేచింది. మన గల్లీ పిల్లకు ఆ పని జరిగితే లేచేది ఇంట్లోవాళ్ల చెయ్యే, అదీ పిల్ల మీదికి. ఫోన్ లాక్కోవడం, చదువు మాన్పించడం, తొందరగా పెళ్లి చేసెయ్యడం. చేసినవాడు మాత్రం చౌకులో చాయ్ తాగుతుంటాడు.

చేయాల్సింది వేరే ఉంది. కోపంతో డిలీట్ చేయకండి. ముందు లింకుతో, తేదీతో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అది సాక్ష్యం. అనుమతి లేకుండా ఒంటి గుట్టు ఫోటో తీసినా, పంచినా ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల దాకా జైలు. 2021 రూల్స్ వచ్చినప్పుడే, నగ్న చిత్రాలు, అతికింపు బొమ్మల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే కంపెనీలు 24 గంటల్లో తీసెయ్యాలన్నారు. స్టాప్ ఎన్‌సీఐఐ అని ఒక సేవ ఉంది. ఫోటో మన ఫోన్ దాటకుండానే దాని గుర్తు మాత్రం కంపెనీలకు పోతుంది, వాళ్లు ఆపుతారు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు టేక్ ఇట్ డౌన్ అని వేరే ఉంది. కేంద్ర సైబర్ నేరాల పోర్టల్‌లో ఆడవాళ్ల, పిల్లల ఫిర్యాదుకు వేరే భాగం ఉంది, అక్కడ పేరు చెప్పకుండా కూడా రాయొచ్చు. డబ్బులు అడిగి బెదిరిస్తే 1930కు ఫోన్ చేయండి. 1930లో మార్షల్ లా పెట్టిన ఊరివాళ్లం, ఆ అంకె మనకు కొత్తగా గుర్తుపెట్టుకునే పని లేదు.

10. డబ్బా నాది, బొమ్మ వాళ్లది.

నా దగ్గర పాత నెగెటివ్‌ల డబ్బాలున్నాయి. ఫిల్మ్ నేను కొన్నది, కెమెరా నాది. కానీ పైసలిచ్చి తీయించుకున్నవాళ్లు వాళ్లు, కనుక హక్కు వాళ్లది. నా తరువాత నా పిల్లలు వీటిని స్కాన్ చేసి 'పాత సోలాపూర్' అని ఎక్కడో పెట్టేస్తే, ఎవరి అవ్వ ముఖమో ఎవరి అనుమతీ లేకుండా తిరుగుతుంది. పాత ఫోటోలు అందరూ చూడాలనేది మంచి కోరికే, నాకూ ఉంది. అడిగి పెడదాం. అందుకే మనవడూ నేనూ పేటల వారీగా కవర్లు వేరు చేస్తున్నాం. ప్రతి కవరు మీద ఇంటిపేరు, శుభకార్యం, సంవత్సరం రాస్తున్నాం. ఇంట్లోవాళ్లు వస్తే కవరు చేతికిచ్చి, ఒక కాగితం ముందు పెడుతున్నాం: నలుగురికీ చూపించవచ్చు, మా ఇంటివరకే, చింపెయ్యండి. మూడింట్లో ఒకదానికి టిక్కు పెట్టి సంతకం చేయాలి. సాఖర్ పేటవి అయిపోయాయి. దత్తనగర్, భద్రావతి పేటవాళ్లు దసరా దాటాక రండి. కార్ఖానా సెలవు రోజున వస్తే ఇంట్లోనే ఉంటాను. పెళ్లి సంవత్సరం గుర్తులేకపోతే పెళ్లి కార్డు పట్టుకురండి, వెతకడం తేలిక.